పాపకు నానమ్మ పేరే

షామ్‌బర్గ్, అమెరికా,
ఏప్రిల్ 1984

అన్నయ్యకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. పాపకు ఎల్స్‌పెత్ అనే స్కాట్లండ్ పేరు వద్దనీ, మనవాళ్లకు నోరు తిరగదనీ, ఎలీసబెత్ అంటే బైబిల్ పేరు అవుతుందనీ రాశావు. ఇక్కడివాళ్లకూ నోరు తిరగడం లేదు. హాస్పిటల్‌లో నర్సు తప్పు పలికితే సరిచేశాను. నేర్చుకుంది.

నీకు కూతురు పుట్టినప్పుడు లూసీ అని పెట్టుకుందామని వదిన ఎంత బతిమాలింది! ఆడపిల్లకు నానమ్మ పేరు పెట్టడం మన ఇంటి ఆనవాయితీ అంటూ అమ్మ పేరే, జ్ఞానమ్మ అనే పెట్టించావు. మరి నా కూతురికి నానమ్మ లేదా? తెల్లావిడ అయినంత మాత్రాన మా అత్తగారు నానమ్మ కాకుండా పోతారా?

ఆఫీస్‌లో అందరూ నా పేరు సగానికి కోసేసి పిలుస్తారు. అత్తగారొక్కరే వంటింట్లో నా పక్కన నిలబడి, సరిగ్గా వచ్చేదాకా పలికి పలికి పూర్తి పేరు నేర్చుకున్నారు.

జూన్‌లో నువ్వు వచ్చాక బాప్తిస్మం నీ చేతులమీదే జరగాలి. ఈలోగా పాప పేరు ప్రాక్టీస్ చేసుకో. నీళ్లు పోస్తూ ఎలీసబెత్ అన్నావంటే, పాస్టర్‌వని కూడా చూడను. చర్చిలో అందరి ముందే పాపను నీ చేతుల్లోంచి తీసేసుకుంటాను.

నీ చెల్లెలు,
ఎల్స్‌పెత్ వాళ్లమ్మ