ఎర్మెలిందా బస్తాలకు తరుగు లేదు

చోనే ఊరి కాటా యజమాని దోన్ తెయోఫిలో గారికి,

నమస్కారం. శనివారం నా కోకో గింజలు తూచి, గోనె బరువు, తేమ, దుమ్ము అంటూ బస్తాకు మూడు పౌన్ల తరుగు తీశారు. నా భార్య ఎర్మెలిందా తెచ్చినప్పుడు ఏమీ తీసేవారు కాదని మీ హమాలీలే చెప్పారు. అదే తోట, అవే గింజలు. ఆమె పోయాక ఏం మారిందో తెలియజేయగలరు.

ఇట్లు,
ఎలాదియో కగువా

తా.క. ఆమెకు కుర్చీ కూడా వేయించేవారట. నేను నిలబడే ఉన్నాను.

*

దోన్ ఎలాదియోకి,

తరుగు అందరికీ ఉన్నదే. మీ ఆవిడ సంగతి వేరు. ఆవిడ శనివారం వస్తుందంటే శుక్రవారం నుంచే నాకు ముద్ద దిగేది కాదు. ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉందంటే నమ్మండి.

మీ తెయోఫిలో

తా.క. మా ఆవిడకు అంతా తెలుసు. పాపం, అర్థం చేసుకుంది.

*

అయ్యా,

మీ భార్య అర్థం చేసుకున్నారు. నేను చేసుకోలేదు. శనివారాల్లో ఎర్మెలిందా ఉతికిన గౌను వేసుకుని బయలుదేరేది. తోడు వస్తానంటే వద్దనేది. మీరు వదిలేసిన తరుగంతా వెనక్కి తీసుకోండి. మీ ఇద్దరి మధ్య ఏముందో మాత్రం రాయండి.

ఎలాదియో

తా.క. ఈసారి సరుకు నది అవతలి కాటాకు పంపాను. అక్కడ ఆరు పౌన్లు తీస్తారు. తీయనివ్వండి.

*

అయ్యో దోన్ ఎలాదియో,

మా మధ్య ఉన్నది కాటా ఒక్కటే. మూడు పౌన్లు అనగానే అందుకునేది: "ఏం తెయోఫిలో, గోనెను నానబెట్టి తూస్తున్నావా? దుమ్మట దుమ్ము, నీ మీసాల్లో ఉన్నంత లేదు నా బస్తాలో. ముందు ఆ బొటనవేలు రాళ్ల పళ్లెం మీంచి తియ్యి." వెనక వరుస రోడ్డుదాకా పెరిగేది. కూర్చుంటే గొంతు తగ్గుతుందని కుర్చీ వేయించాను. తగ్గలేదు. తరుగు వదిలేస్తేనే కదిలేది. మీరేమో చీటీ అందుకుని మారుమాట లేకుండా వెళ్లిపోయారు. అడగని మనిషికి ఏమని వదలను?

తెయోఫిలో

తా.క. మా ఆవిడ అడగమంది: ఇంట్లో మీరెలా తట్టుకున్నారు?

*

దోన్ తెయోఫిలో గారికి,

ఇంట్లో ఎర్మెలిందా నాతో ఒక్కసారి కూడా గొడవపడలేదు. నేను మాట్లాడను, ఆమె కూడా మాట్లాడేది కాదు. ప్రశాంతంగా ఉన్నామనుకున్నాను. ఆ గొంతంతా మీరే విన్నారు. అసూయ అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

శనివారం వస్తాను. బస్తాకు ఎన్ని పౌన్లయినా తీసుకోండి. ఆమె మిమ్మల్ని ఏమేం అనేదో మొదటినుంచి చెప్పండి.

ఎలాదియో

తా.క. తిట్లలో మాత్రం తరుగు తీయకండి.