దోసకాయ జాడీలో రెండు దగ్గులు

జిల్లా అంతర్జాల క్రమశిక్షణ విభాగం,
జారెచ్చా, బెలారుస్.

పౌరురాలు స్టనిస్లావా హ్రింకేవిచ్ గారికి,

మీరు "దోసకాయ జాడీ" అను ఛానల్‌లో సభ్యురాలిగా ఉన్నట్లు మా విచారణలో తేలినది. ఆ ఛానల్ నిర్వాహకురాలు గత వేసవిలో, "ఈ ఏడు మా దోసకాయలకంటే దేశాన్నేలే పెద్దాయన ఉపన్యాసాలే ఎక్కువ పులిశాయి" అని రాసినందున, దానిని తీవ్రవాద ఛానల్‌గా ప్రకటించడమైనది. నెలాఖరులోగా మీరు వైదొలగనిచో పదిహేను రోజుల నిర్బంధం. ఛానల్‌ను తెరిచినను అదే శిక్ష.

ఇట్లు,
లెఫ్టినెంట్ ఆర్సేని బూబెన్

తా.క.: ఛానల్‌లో ఏ ఉద్దేశంతో చేరితిరో రాతపూర్వకముగా తెలుపగలరు.

*

లెఫ్టినెంట్ బూబెన్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి గుండె ఆగినంత పనైంది. వెంటనే వైదొలుగుదామని ఫోను తీశాను. తీరా చూస్తే వైదొలిగే మీట ఛానల్ లోపల ఉంది. లోపలికి వెళ్తే పదిహేను రోజులు, వెళ్లకపోతే పదిహేను రోజులు. నన్నేం చెయ్యమంటారు బాబూ? నేను లోపలుంటే మా మేక పాలు మీరొచ్చి పిండుతారా?

ఇంకో సంగతి. దోసకాయలు ఊరవేయడం ఎలాగో మా ఆయన కాజిక్ అందులో చెప్పి పెట్టాడు. ఆయన పోయి రెండేళ్లైంది. ఆయన గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. రోజూ పొద్దున్నే కాసేపు వినేదాన్ని. మీ ఉత్తరం వచ్చాక భయమేసి మానేశాను. ఆ ఒక్క ముక్క బయటికి తీసుకోనివ్వండి, ఆ తర్వాత నన్ను ఎందులోంచి వైదొలగమన్నా వైదొలుగుతాను.

ఇట్లు,
స్టనిస్లావా హ్రింకేవిచ్

తా.క.: ఉద్దేశం అడిగారు. దోసకాయలు.

*

పౌరురాలు హ్రింకేవిచ్ గారికి,

మీ లేఖ అందినది. ఛానల్ నుండి గొంతును బయటికి తీసుకొనుట "తీవ్రవాద సామగ్రిని నిల్వ చేయుట" కిందికి వచ్చును. అది ఇంకా పెద్ద నేరం. ఛానల్‌ను తెరవకుండా వైదొలగవలెను. ఎట్లు అనునది మా పరిధిలోనిది కాదు.

ఇట్లు,
లెఫ్టినెంట్ బూబెన్

తా.క.: మేక విషయమై పశుసంవర్ధక విభాగమును సంప్రదించగలరు.

*

లెఫ్టినెంట్ గారికి,

నమస్కారాలు చెప్పే ఓపిక కూడా లేదు నాయనా. ఇంట్లోకి అడుగు పెట్టకుండా ఇంట్లోంచి బయటికి రావడం ఏ బళ్లో నేర్పుతారో చెప్పండి, ఈ వయసులో వెళ్లి చేరతాను. ఇక నా వల్ల కాదు. ఫోనే పంపిస్తున్నాను. తెరిచే అంకెలు వెనకాల అంటించాను. ఆ పాపమేదో మీ చేతుల మీదుగానే కానివ్వండి. కానీ మా ఆయన గొంతు మాత్రం చెరపకండి. మీకూ తల్లి ఉండే ఉంటుంది.

ఇట్లు,
స్టనిస్లావా

తా.క.: ఫోను చుట్టిన ఉన్ని మేజోడు తిరిగి పంపండి. రెండోది నా దగ్గరే ఉంది. దాంతో పాటు పెట్టిన ఊరదోసకాయల జాడీ మాత్రం మీకే.

*

పౌరురాలు హ్రింకేవిచ్ గారికి,

పార్సిల్ అందినది. జాడీ కారి, మా విభాగంలోని ఫైళ్లన్నీ వెల్లుల్లి, సోయికూర వాసన కొట్టుచున్నవి. పై అధికారి ముక్కు మూసుకొనియే సంతకములు పెట్టుచున్నారు.

మీ భర్త గొంతును పలుమార్లు వింటిమి. కొన్ని అనుమానములు కలిగినవి. "ఉప్పు" అన్న తర్వాత ఆయన రెండుసార్లు దగ్గెను. ఎవరికి సైగ? సోయికూర తర్వాత చాలాసేపు మౌనం. ఎందుకు? ఆపై, "అంత వద్దు, స్టాస్యా!" అనెను. ఈ స్టాస్యా ఎవరు? ఆమె ప్రస్తుతం ఎక్కడ ఉన్నది? ఏది అంత వద్దు?

ఇట్లు,
లెఫ్టినెంట్ బూబెన్

తా.క.: జాడీని సాక్ష్యంగా నమోదు చేసితిమి. సాక్ష్యంలో సగం మిగిలి ఉన్నది.

*

ఓరి నాయనా లెఫ్టినెంటూ,

స్టాస్యా అంటే నేనే! స్టనిస్లావాను ఇంట్లో ఇంకేమని పిలుస్తారయ్యా? పొయ్యి పక్కన నిలబడి నేను ఉప్పు గుప్పెడు ఎక్కువ వేయబోతే అరిచాడు. జీవితమంతా అదే గొడవ మాకు. దగ్గు సైగా కాదు, పాడూ కాదు. ట్రాక్టరు షెడ్డులో నలభై ఏళ్లు కాల్చిన సిగరెట్లు. అవే మనిషిని మింగేశాయి. ఇక మౌనమంటారా, అప్పుడు ఉప్పునీళ్లు రుచి చూస్తున్నాడు. నోట్లో గరిటె పెట్టుకుని ఎవరైనా మాట్లాడతారా?

ఆయన అలా కసురుకునే గొంతు వినక నెల కావస్తోంది. ఇల్లంతా చెవుడొచ్చినట్టుంది బాబూ. దయచేసి చెరపకండి.

ఇట్లు,
స్టాస్యా

తా.క.: మిగతా సాక్ష్యం కూడా తినెయ్యండి. మూత తీశాక ఎక్కువ రోజులు ఉంటే మెత్తబడిపోతుంది.

*

స్టాస్యా పిన్నిగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం జిల్లా లాకప్పు నుంచి రాస్తున్నాను. రేపు విడుదలయ్యే పళ్ల డాక్టరుగారు కోటు లోపల పెట్టుకుని తెచ్చి ఇస్తారు.

ముందు చెడ్డవార్త. మీ ఫోన్ని నిబంధన ప్రకారం మా వాళ్లు సుత్తితో కొట్టారు. ఛానల్ కూడా లేదు. నేను అడ్డుపడ్డాను, ఎవరూ వినలేదు. క్షమించండి పిన్నీ.

తర్వాత జిల్లాలో ఆ ఛానల్‌ని అందరికంటే ఎక్కువసార్లు తెరిచిందెవరా అని లెక్క తీశారు. నా పేరే తేలింది. విచారణ కోసం విన్నానంటే, "ఎలా అనేది మా పరిధిలోనిది కాదు" అన్నారు. పదిహేను రోజులు వేశారు. మీ ఆయన గొంతు నాకు మొదటి నుంచి చివరి దాకా నోటికి వచ్చేసింది, దగ్గులతో సహా. ఇక్కడ వాళ్లు రోజూ అడిగి మరీ చెప్పించుకుంటున్నారు. పళ్ల డాక్టరుగారైతే రెండో దగ్గు సరిగ్గా కుదరలేదని మళ్లీ దగ్గిస్తారు.

శుక్రవారం నన్ను వదిలేస్తారు. ఉద్యోగం ఎలాగూ ఉండదు. నేరుగా మీ ఇంటికే వస్తాను. మీరు పొయ్యి పక్కన ఉప్పు పట్టుకుని నిలబడండి. కాజిక్ గారు ఎలా చెప్పారో అలాగే చెబుతాను.

ఇట్లు,
మీ ఆర్సేని

తా.క.: మేజోడు దాచాను, తెస్తాను. ఒక్క సందేహం మాత్రం తీర్చండి. "అంత వద్దు, స్టాస్యా" అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది కోపమా, ముద్దా? అన్నిసార్లు విన్నా మా విభాగం తేల్చలేకపోయింది.