చెరి సగం మాత్ర

పరిశోధన చేసే పెద్ద డాక్టరుగారికి,

నేను ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. బైబిలు మాత్రం ఎప్పుడూ నా చంకలోనే ఉంటుంది. మీ వార్డులో కిటికీ పక్క మంచం మీదున్న కీళ్ళవాపు మనిషి మా అక్క. నిన్న ఆమెనూ పక్క మంచం టైలరమ్మనూ పరిశోధనలోంచి తీసేసి మాత్రలు ఆపేశారు.

వాళ్ళు చేసిన నేరమేమిటి? ఒకరికి అసలు మందు, ఒకరికి ఉత్త పిండి మాత్ర ఇస్తామని మీరే చెప్పారు. ఎవరికేది వచ్చిందో తెలియక, రోజూ రెండు మాత్రలూ విరిచి చెరి సగం మింగారు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలని వాళ్ళకు బోధించింది నేనే.

"నా పనంతా మట్టిపాలు చేశారు కదమ్మా. ఎవరిది మందో నాక్కూడా తెలీదు" అని మీరు అరిచారట. తానిచ్చేదేమిటో తనకే తెలియని వైద్యుడికి కోపమొకటి. "పోనీలేరా, ఆయన లెక్క చెడింది పాపం" అంటుంది అక్క. నాకంత జాలి లేదు.

అక్క ఇప్పుడు గ్లాసు పట్టుకుంటోంది. టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. మాత్రలు ఆగితే ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకుపోతాయి. మీ పరిశోధనకు వాళ్ళు పనికిరాకపోతే మానె, మందుకు పనికొస్తారు.

ఎవరిది మందో సీలు వేసిన కవరు విప్పి చూసి, ఆ ఒక్కరికే ఇస్తామని కబురంపారు. ఆ గొప్పతనం మీ దగ్గరే ఉంచుకోండి. మాకేమీ చెప్పొద్దు. ఇదివరకటిలాగే రెండు మాత్రలూ పంపండి. విరుచుకోవడం వాళ్ళకు వచ్చు.

కిటికీ పక్క మంచం ఆవిడ తమ్ముడు