నవాబుగారి ముద్ర పగిలిన రోజు

మీర్‌గంజ్,
శుక్రవారం

ప్రియమైన భాయిజాన్‌కి, హుస్నారా సలాములు.

ఆరేళ్ళ తర్వాత చెల్లెలి ఉత్తరం చూసి, ఎవరో పోయారనుకుని గుండె పట్టుకుంటారని తెలుసు. అబ్బాజాన్ బాగానే ఉన్నారు. పోయింది నవాబుగారు. అయినా గుండె మీంచి చెయ్యి తీయకండి, చెప్పాల్సింది ఇంకా ఉంది.

ముందు మీకు తెలియని సంగతి. అబ్బాజాన్‌కి చూపు లేదు, ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. రాతిపొడి పడదని మీరు పాట్నా వెళ్ళి అత్తరు దుకాణం పెట్టుకున్న ఏడాదే ఒక కన్ను మసకబారింది, మరుసటి ఏడాదికి రెండోది కూడా. నాలుగేళ్ళుగా దర్బారుకు వెళ్ళిన ప్రతి ముద్రా నేను చెక్కిందే. ఆయన గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతారు, నేను తెర వెనక రాయి అరగదీస్తాను. "ఉస్తాద్ చెయ్యి ఇంకా కుర్రదే" అని దివాను మెచ్చుకుని ఆయన భుజాన శాలువా కప్పితే నవ్వుకునేదాన్ని. నవ్వుకున్నానన్నది అబద్ధం. ఏడ్చాను.

ఇక అసలు విషయం. నవాబు పోయిన మూడో రోజు, ముద్ర చెక్కినవాడే నిండు దర్బారులో దాన్ని మూడు దెబ్బలు కొట్టి పగలగొట్టాలి కదా. పోయినాయన పేరుతో మరో కాగితం పుట్టకూడదు. సిరా పేరుకుందని, ఆయన పోవడానికి ముందే ఆ ముద్రను శుభ్రం చేయడానికి మనింటికి పంపారు. బల్ల మీద దాని పక్కనే, నేను చెయ్యి సరిచూసుకోవడానికి ముందుగా చెక్కిన, ఎర్రరంగు పూసిన మామూలు రాయి కూడా ఉంది. అదే కొలత, అవే అక్షరాలు. మూడో రోజు పిలుపు వచ్చేసరికి నేను స్నానం చేస్తున్నాను. అబ్బాజాన్ తడుముకుని ఒకటి తీసి, గుడ్డలో చుట్టుకుని, పిలవడానికి వచ్చినవాడి భుజం ఆసరాగా వెళ్ళారు. మూడు దెబ్బలూ కొట్టి వచ్చారు.

ఇవాళ బల్ల సర్దుతుంటే దూది కింద అసలు ముద్ర కనబడింది. ముద్ర దాచినవాడికి రెండు చేతులూ నరికేస్తారని మీకు వేరే చెప్పాలా? వెంటనే సుత్తి తీశాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో దగ్గు వినబడింది. అబ్బాజాన్ నమాజుకు వెళ్ళారు. వచ్చింది ముకుందలాల్, తెల్లదొరల వర్తక కోఠీలో దళారి.

"అమ్మాయ్, నాన్నగారు లేరా? మరీ మంచిది. అసలు ఉస్తాద్‌తోనే పని నాకు" అన్నాడు తెర వైపు చూసి.

"మీరేం మాట్లాడుతున్నారో నాకు అర్థం కావడం లేదు."

"ఇదిగో, ఇది చూస్తే అర్థమవుతుంది" అని తెర కింద నుంచి ఒక రాతి ముక్క తోశాడు. "దర్బారులో ఆయన రాయిని తడుముకోవడం చూశాను, ఈ ముక్క నా కాలి దగ్గరికి దొర్లింది. పైన ఎరుపు, లోపల తెలుపు. రంగేసిన రాయి. నవాబుగారి ముద్ర అకీకు రాయి, లోపలిదాకా ఎర్రగా ఉంటుందట కదా! ఇలాంటి ముక్క ఇంకోటి నా దగ్గర భద్రంగా ఉందిలే."

వాడడిగింది ఇది. ఉప్పు పడవలు వచ్చే రేవును కోఠీకి రాసిచ్చినట్టు, నెల కిందటి తేదీతో కాగితం తయారుగా ఉంది. దానిమీద పాత నవాబుగారి ముద్ర పడాలి. ఆయన బతికుండగా ముమ్మారు కాదన్న రేవు అది. కొత్త నవాబు ఇస్తే సర్దార్లు తిరగబడతారు, పోయినాయన ఇచ్చాడంటే నోరు మూసుకుంటారు. వచ్చే శుక్రవారం దాకా గడువు. అసలు ముద్రను నేనిప్పుడు పగలగొట్టినా వాడి దగ్గర ఆ రెండో ముక్క ఉంటుంది. ఇవ్వకపోతే అబ్బాజాన్ చేతులు పోతాయి. నన్నేం చేయమంటారు?

మీ చెల్లెలు,
హుస్నారా

*

బుధవారం

భాయిజాన్,

మీ జవాబు కోసం ఆగే వ్యవధి లేదు. ముద్ర ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను.

మీరు తిట్టండి. పక్కింటి రహీలా మొగుడు ఆ రేవులో పడవ నడుపుతాడు. పొద్దున్నే మనింటికి చేపల పులుసు తెచ్చిచ్చి, "కోఠీవాళ్ళు నిన్న మా సుంకం మనిషిని కొట్టి తరిమారు, నవాబుగారుంటే ఇలా జరిగేదా?" అని కళ్ళు తుడుచుకుంది. ఆ పులుసు నేను ముట్టుకోలేదు. అయినా ఇస్తాను. అబ్బాజాన్ ఇప్పటికీ పొద్దున్నే లేచి పనిముట్లు ఒక్కొక్కటే వేళ్ళతో తడిమి వరుసలో పెడతారు. ఆ వేళ్ళు లేని అబ్బాజాన్‌ని నేను చూడలేను. ఇది న్యాయం కాదని తెలుసు. ఆయనకి ఏమీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

హుస్నారా

*

పడవ మీద నుంచి,
ఆదివారం

భాయిజాన్‌కి,

ముద్ర ఇవ్వలేదు. గురువారం పనిముట్లు సర్దుతూ అబ్బాజాన్ దూదిలో చెయ్యి పెట్టారు. ముద్ర తీసి బొటనవేలితో ఒక్కసారి నిమిరారు. వెంటనే పోల్చుకున్నారు.

"ఇది నవాబుగారిది. మరి నేను పగలగొట్టిందేమిటి?"

అంతా చెప్పేశాను. కొడతారనుకున్నాను. ముద్రను తిరిగి దూదిలో పెట్టారు.

"ఆ రోజు చేతులు వణికాయి తల్లీ, రాయి పోల్చుకోలేకపోయాను. తప్పు నాది, చేతులూ నావి. వాటికోసం నువ్వు దొంగవి కానక్కర్లేదు. రేపు నన్ను దర్బారుకు తీసుకెళ్ళు."

బురఖా వేసుకుని ఆయన చెయ్యి పట్టుకుని వెళ్ళాను. నిండు సభ. కొత్త నవాబు గద్దె మీద, పక్కనే కుర్చీలో కోఠీ పెద్దదొర, అతని వెనక ముకుందలాల్. మమ్మల్ని చూడగానే వాడి నవ్వు ఎండిపోయింది.

అబ్బాజాన్ ఏదీ దాచలేదు. చూపు పోయిందన్నారు, రాయి మారిందన్నారు. "మరి ఈ నాలుగేళ్ళూ ముద్రలు చెక్కింది ఎవరయ్యా?" అని దివాను గద్దించాడు.

"నా కూతురు" అన్నారాయన, సభంతా వినేలా. "నాకంటే బాగా చెక్కుతుంది. ఇన్నాళ్ళూ శాలువాలు నేను కప్పుకున్నాను."

ఈ మాట కోసం నాలుగేళ్ళు ఎదురుచూశానని అప్పటిదాకా నాకే తెలియదు.

అబ్బాజాన్ మేం తెచ్చుకున్న ఇనుప దాగలి ముందు కూర్చుని, "హుజూర్, సెలవిస్తే పగలగొడతాను" అన్నారు. జవాబు లేదు. మళ్ళీ అడిగారు. లేదు.

"హుస్నా, హుజూర్ మాట్లాడరేం? ఎటు చూస్తున్నారు?"

సభలో అందరూ చూస్తున్నదే, ఒక్కరూ అనలేనిదే. "దొర వైపు చూస్తున్నారు అబ్బాజాన్" అన్నాను.

ఆయన ఇక సెలవు అడగలేదు. నేను ముద్రను దాగలి మీద పెట్టి వేలితో నొక్కి పట్టుకున్నాను. ఆయన ఎడమచేత్తో నా వేలు తడిమి పక్కకు తీసి కొట్టారు. మూడు దెబ్బలు. ముక్కలన్నీ లోపలిదాకా ఎర్రగానే ఉన్నాయి.

చేతులు నరకమని ఎవరో అరిచారు. కొత్త నవాబు మళ్ళీ దొర వైపే చూశాడు. దొర ఏదో అని నవ్వాడు. ముకుందలాల్ చెప్పాడు: "గుడ్డివాడి చేతులు నరికి ఏం చేసుకుంటామని దొరగారంటున్నారు. కొత్త నవాబుగారి ముద్ర ఈ అమ్మాయే చెక్కాలట. అది కోఠీలోనే ఉంటుందట."

"చెక్కుతాను" అన్నాను. "ముందు ఒక్కమాట అడిగి చెప్పండి. ఈ నవాబుగారు పోయిన మూడో రోజు, పగలగొట్టడానికి ఆ ముద్ర మాకు తిరిగిస్తారా?"

ముకుందలాల్ ఆ మాట దొరకు చెప్పలేదు. దివాను నేల చూశాడు. కొత్త నవాబు మొదటిసారి దొరవైపు కాక నావైపు చూశాడు. పాపం, ఆయనకి జవాబు తెలిసినట్టే ఉంది.

తిరిగివ్వని ముద్ర నేను చెక్కను, ఆ సాయంత్రమే పాట్నాకి పడవ ఎక్కేశాం. రేపో మాపో ఇంకెవరో ఆ ముద్ర చెక్కుతారు, రేవు పోతుంది. పోయినాయన పేరు మాత్రం ఆ కాగితం మీద ఉండదు. రహీలా గట్టు మీద నిలబడి చాలాసేపు చెయ్యి ఊపింది.

మీ అత్తరు సీసాలు కొంచెం జరిపి వెలుతురు పడేచోట ఒక బల్లకి చోటు చూడండి. కింద సంతకం అబ్బాజాన్ దగ్గరుండి పెట్టించారు, నన్ను వెక్కిరించకండి.

మీ చెల్లెలు,
ఉస్తాద్ హుస్నారా