వయసుకు వంద

ప్రియమైన మీకు,

ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. ఫోనులో మాట్లాడదామంటే మీ గదిలో పదిమంది గోల. ఉత్తరమైతే తీరిగ్గా చదువుతారని రాస్తున్నాను.

కింది వాటా టైలరు గారికి మొన్న పక్షవాతం వచ్చింది. పొద్దున్నే సూదిలో దారం ఎక్కిస్తూ ఉన్నట్టుండి మూతి వంకర పెట్టారట. వేళాకోళం అనుకుని ఆయన భార్య నవ్వింది. "చాల్లెండి కోతి చేష్టలు" అని కూడా అందట. ఆ మాట తలుచుకుని ఇప్పటికీ ఏడుస్తోంది. ఆయనకు కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. బీపీ ఉందని ముందే తెలుసట. "నాకేం నలతగా లేదుగా" అని మాత్రలు మానేశారట. మీకన్నా రెండేళ్లే పెద్ద.

అప్పట్నుంచి మీరే కళ్లలో మెదులుతున్నారు. అంత ఎత్తున, క్రేను మీద ఆ గాజు గదిలో ఒక్కరే. కంపెనీ వాళ్ల వైద్య పరీక్ష దగ్గరపడింది కదా, ఈలోపు ఒకసారి బీపీ చూపించుకుని అంకె రాయండి. మాటలొద్దు, అంకె కావాలి. కూరలకు ఎంతైందని మీరడిగితే "ఏదో అయింది" అని నేనెప్పుడైనా రాశానా?

వంటింటి కుళాయి కారడం ఆగింది. వాషరు నేనే మార్చాను.

జవాబు కోసం చూస్తూ,
మీ ఇల్లాలు


ప్రియమైన ఆర్థిక మంత్రి గారికి,

తమరి ఆజ్ఞ ప్రకారం చూపించుకున్నాను. నూట యాభై ఎనిమిది. అదిరిపడకు, ఆగు. మా సైటులో ఫస్ట్ ఎయిడ్ పెట్టె చూసుకునే పెద్దాయన లెక్క చెప్పాడు. "వయసుకు వంద కలుపుకో తమ్ముడూ, అంతవరకూ నీ హక్కే" అన్నాడు. నాకు యాభై ఎనిమిది, దానికి వంద. పైసా అటూ ఇటూ కాలేదు! వచ్చే పుట్టినరోజుకు ఇంకో అంకె నా ఖాతాలో పడుతుంది. నీ దగ్గర ఇంత సరిపోయిన పద్దు ఎప్పుడైనా చూపించానా?

ఇవాళ పొద్దున్న మంచు దట్టంగా పట్టింది. పైనుంచి చూస్తే నేల లేదు. నేనూ, దూరంగా వంతెన స్తంభాలూ, అంతే. ఎండ రాగానే కింద మేస్త్రీల టోపీలు పసుపు బొత్తాల్లా ఒక్కొక్కటే తేలాయి. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నా మొహం మొత్తలేదు. పైన ఉన్నంతసేపు ఇంజనీరు కూడా నా మాట కోసం ఆగుతాడు తెలుసా?

టైలరు గారిని అడిగానని చెప్పు. ఆయన కుట్టిన కోటే వేసుకుని ఇది రాస్తున్నాను.

అన్ని అంకెలూ సరిపోయిన,
నీ వాడు


ప్రియమైన మీకు,

మీ లెక్క చూశాక హాయిగా నిద్రపోయాను. కూడిక సరిపోతే నాకిక అనుమానం రాదు. అదే నా జబ్బు.

నిన్న టైలరు గారి భార్యకు తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. పనిలో పనిగా ఈ వయసుకు వంద సంగతి డాక్టరమ్మను అడిగాను. మన అమ్మాయికన్నా నాలుగేళ్లు పెద్దదేమో, అంతే. నవ్వింది.

"అది ఎప్పటిదో పాత లెక్క ఆంటీ. దాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లు ఈ వార్డులోనే ముగ్గురున్నారు."

"వయసు పెరిగితే బీపీ పెరుగుతుంది కదమ్మా?"

"పెరుగుతుంది. పెరిగింది కాబట్టి మంచిదని కాదుగా! రక్తనాళాలు గట్టిపడతాయి, అందుకని పెరుగుతుంది. యాభై అయిదు దాటాక పదేళ్లు గడిచేసరికి పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. బీపీలో పై అంకె ఇరవై పెరిగితే ఆ ముప్పు ఇంచుమించు మళ్లీ రెట్టింపు. వయసును మనం దించలేం. దించగలిగింది బీపీనే."

"అంటే రాబడి తగ్గుతున్న ఇంట్లో ఏటా ఖర్చు పెంచుకుంటూ పోయినట్టు" అన్నాను.

"అబ్బ, ఇది నేను వాడుకుంటాను ఆంటీ" అంది.

మనం తప్పు లెక్క వేశామండీ. వయసు మీకు హక్కు ఇవ్వలేదు, ఉన్న వెసులుబాటు లాగేసుకుంది. నూట యాభై ఎనిమిదంటే మందు వేసుకోవాల్సిన అంకె. తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు అనుకోవద్దు. ఇది చెప్పి రాదట. మూతి ఒక పక్కకు లాగినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలట.

పరీక్ష రోజున కంపెనీ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు లేపే బరువు కింద ఎప్పుడూ మనుషులుంటారు.

మీ ఇల్లాలు


ప్రియమైన నీకు,

చదివాను. నువ్వు చెప్పింది అబద్ధమనను. కానీ బీపీ అని నోరు తెరిస్తే నన్ను కిందికి దించేస్తారు. యాభై ఎనిమిదేళ్లవాణ్ణి మళ్లీ పైకి పంపే కంపెనీ లేదు. దిగాక నేనెవర్ని? ఇసుక బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే ముసలాణ్ణి.

పరీక్షకు ముందు కాసేపు పడుకుని వెళ్తే అంకె తగ్గుతుందంటున్నారు. ఎలాగో గట్టెక్కుతాను. తర్వాత మందుల సంగతి చూద్దాం. ఇక ఈ మాట ఎత్తకు.

నీ వాడు


ప్రియమైన మీకు,

మూడు వారాలైంది. ఉత్తరం లేదు. ఫోను చేస్తే "పనిలో ఉన్నా" అని పెట్టేస్తున్నారు. అమ్మాయి ముందు మామూలుగా ఉంటున్నాను కానీ, మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా లేచి నిలబడుతున్నాను.

నిన్న టైలరు గారింటికి వెళ్లాను. ఆయన చొక్కాకు భార్య గుండీలు పెడుతోంది. ఈ వీధిలో సగం చొక్కాలకు గుండీలు కుట్టిన మనిషి! తల తిప్పుకున్నారు. నేనూ చూడనట్టే గోడవైపు చూశాను.

మీకు ఆ పని అంటే ఎంతో నాకు తెలుసు. దిగి ఏ పనీ లేకుండా ఇంట్లో కూర్చున్నా మీరు నాకు ఎవరూ కాకుండా పోరు. చెయ్యి పడిపోయినా చూసుకుంటాను, అదేమంత విషయం కాదు. కానీ నాకు కావలసింది అది కాదు. ఇంకో ఇరవై ఏళ్లు మీరు నాతో మాటకు మాట అనాలి. గట్టిగా, స్పష్టంగా, నాకు ఒళ్లు మండేలా.

దీనికి జవాబు రాకపోతే బండెక్కి వచ్చేస్తాను.

మీ ఇల్లాలు


ప్రియమైన నీకు,

రావద్దు. ఆదివారం నేనే వస్తున్నాను. నువ్వు ఆ ఉత్తరం రాసేనాటికే నేను కింద ఉన్నాను.

పరీక్ష నెగ్గాను. రెండు గంటలు పడుకుని వెళ్తే నూట ముప్పై ఎనిమిది వచ్చింది. డాక్టరు సంతకం పెట్టాడు. మర్నాడు ఈల వేసుకుంటూ పైకెక్కాను. ఇనుప చువ్వల మోపు లేపి తిప్పుతుంటే కింద ఎవరో మేస్త్రీ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. పైనుంచి నాకెప్పుడూ టోపీలే కనబడేవి. ఆ రోజు తల కనబడింది, బట్టతల. మోపు దించేదాకా నా చేతుల్ని నేనే కాపలా కాశాను. అన్నం వేళకు దిగి ఇంజనీరు గదికి వెళ్లాను.

"సార్, నిన్నటి అంకె నాది కాదు."

"మరెవరిదయ్యా?"

"రెండు గంటలు పడుకుని లేచినవాడిది."

మళ్లీ చూశారు. నూట అరవై నాలుగు. డాక్టరు తిట్టాడు, మాత్రలు రాశాడు, క్రేను తాళం చెవి తీసుకున్నారు. నాకేం కాలేదు. మూతి పోలేదు, చెయ్యి పోలేదు. సిగ్గుతోనే నీకు రాయలేకపోయాను. ఇప్పుడు నూట ముప్పై నాలుగు. తగ్గిందని మానేస్తే ఊరుకోనన్నాడు.

ఇప్పుడు కింద నిలబడి రేడియోలో సూచనలిచ్చే పని నాది. పైన కొత్తగా వచ్చిన అమ్మాయి. నన్ను బాబాయ్ అంటుంది, పని చక్కగా చేస్తుంది. మొన్న గాలి లేచింది. తలెత్తి చూద్దును కదా, ఆ గాజు గది ఊగుతోంది! అలా ఊగుతుందని నాకు తెలుసు, కానీ కింద నుంచి ఏనాడూ చూడలేదు. "దిగమ్మా, దిగిపో" అని రేడియోలో అరిచాను. తను నవ్వుతోంది. "ఏంటి బాబాయ్, ఇక్కడేం లేదు" అంటోంది.

పైన ఉన్నవాళ్లకు ఏం తెలియదు. నాకూ తెలియలేదు. తను దిగి వచ్చేదాకా నా మెడ వంగలేదు, కూర్చోలేకపోయాను.

ఇన్నేళ్లు నువ్వెలా నిలబడ్డావే?

నేల మీద నుంచి,
నీ వాడు