చదివి సరిచూసిన నకలు

అమ్మకు,

నీ పాదాలకు దణ్ణం పెట్టి పెద్దమ్మాయి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ కంటి కట్టు విప్పారనీ, గోడ మీది క్యాలెండరు అంకెలు నువ్వే చదివావనీ తమ్ముడు ఫోనులో చెప్పాడు. దేవుడు నా మొర విన్నాడు. ఆ కబురు కోసమే ఇన్నాళ్లూ ఆగాను. ఈ ఉత్తరం మరదలి చేత చదివించుకోకు. అద్దాలు పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని, నెమ్మదిగా నువ్వే చదువు. కళ్లు మంట పుడితే ఆపి, మళ్లీ రేపు చదువు. నీళ్లు కాచి చల్లార్చినవే తాగుతున్నావు కదా.

పోయిన ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. మొదటిది నా మోకాలి నొప్పి. అది అలాగే ఉంది, మెట్లు ఎక్కినప్పుడు పలకరిస్తుంది. మిగిలిన మూడూ నీ చిన్నకూతురు చిట్టి గురించే. చిట్టి వేళకు తింటోందా, చిట్టి ఇంటి కాగితాలు వచ్చాయా, ఆ అర్జీ పెట్టిన మహానుభావులెవరో తెలిసిందా. లెక్కపెట్టాను. నీ ఉత్తరాల్లో నాకెన్ని మాటలు, దానికెన్ని మాటలు అని లెక్కపెట్టడం నాకు పాత అలవాటు. నీకు తెలియదు.

చిట్టి వేళకే తింటోంది. తినకపోయినా అడిగి పెట్టేవాళ్లు వీధి నిండా ఉన్నారు. కూరగాయల బండి ఆయన దానికి తూకం పైన రెండు టమాటాలు ఎక్కువ వేస్తాడు. అదే బండి దగ్గర నేను ఇరవయ్యేళ్లుగా కొంటున్నాను. మెత్తబడినది ఒకటి మార్చి ఇమ్మంటే, "ఏరుకునేటప్పుడే చూసుకోవాలమ్మా" అంటాడు. దాని నవ్వు అటువంటిది. నాది ఇటువంటిది.

ఇక కాగితాల సంగతి. నువ్వు దానికి ఇల్లు రాసిచ్చిన దానపత్రం ఇంకా తిరిగి చేతికి రాలేదు. మేడ మీద రెండు గదులుంటే రేకుల షెడ్డు మాత్రమే ఉన్నట్టు చూపించి, విలువ తగ్గించి, స్టాంపు డ్యూటీ తక్కువ కట్టారని పేరు లేని అర్జీ ఒకటి అందింది కదా. దాంతో రిజిస్ట్రారు ఆఫీసువాళ్లు అసలు కాగితం పిలిపించుకుని తమ దగ్గరే పెట్టుకున్నారు. విలువ తేల్చమని పై ఆఫీసుకు రాశారు. ముప్పై రోజుల్లో జవాబివ్వమని చిట్టికి నోటీసు వచ్చింది. ఇవ్వకపోతే వాళ్లు వేసిన విలువే ఖాయం, దానిపైన జరిమానా. అది కట్టాలంటే చిట్టి ఆ ఇల్లు అమ్ముకోవడం తప్ప దారి లేదు. జవాబు రాయాలంటే వకీలుకు కాగితాలు కావాలి. అందుకని దానపత్రానికీ, నాన్న ఆ స్థలం కొన్న దస్తావేజుకూ, అర్జీతో సహా ఫైలు మొత్తానికీ ఆఫీసు ముద్ర వేసిన నకళ్లు తెమ్మన్నాడు.

"అక్కా, నువ్వు తోడు రా. నువ్వు మెల్లగా మాట్లాడతావు, వాళ్లు వింటారు. నేను వెళితే గొడవైపోతుంది" అంది చిట్టి. కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

ఆ ఆఫీసు నువ్వూ చూశావు. కిటికీ పక్కన ఒక కాలు పొట్టి బల్ల ఉంటుంది, దాని కింద ఇటుక ముక్క. దాని మీదే కూర్చున్నాం. దరఖాస్తులో దస్తావేజు నంబరూ సంవత్సరమూ రాయాలి. చిట్టి సంచి అంతా వెతికింది, నంబరు రాసుకున్న చీటీ దొరకలేదు. నంబరు లేకపోతే పాత పుస్తకాలన్నీ తిరగేయాలి, వారం పడుతుంది అన్నాడు గుమస్తా. నేను నంబరు చెప్పేశాను. సంవత్సరమూ, పుస్తకమూ, పేజీలూ కూడా.

చిట్టి నా మొహంలోకి చూసి, "నా ఇంటి దస్తావేజు నంబరు నీకెలా గుర్తుందే?" అంది.

"రోజూ దేవుడి నామాలు చదువుతాను కదా, ఇదొక లెక్కా" అన్నాను.

అది అబద్ధం. రిజిస్ట్రేషను అయి కాగితం చేతికొచ్చిన రోజున అది పరుగెత్తుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. చదవమంది. "నా రెండవ కుమార్తె నాయందు చూపిన ప్రేమాభిమానములకు మిక్కిలి సంతసించి" అని ఉంది అందులో. నువ్వు తుంటి విరిగి మంచాన పడ్డ నాలుగేళ్లూ అదే నీకు సేవ చేసింది, ఒప్పుకుంటాను. నేనూ వారానికి రెండుసార్లు వచ్చి నీ తల దువ్వేదాన్ని. ఆ దువ్వెన సంగతి ఏ కాగితంలోనూ లేదు. నాకు కుట్టుమిషను ఇచ్చావు, దానికి ఇల్లు ఇచ్చావు. మిషను గురించి నాకు బాధ లేదు. ఆ వాక్యం మాత్రం ముల్లులా దిగింది. దాంతోపాటు పైనున్న నంబరు కూడా దిగింది. దేవుడి ముందు కళ్లు మూసుకుంటే ఆ రెండే కనిపించేవి.

నకళ్లు ఇచ్చే రోజు మళ్లీ వెళ్లాం. చిట్టి హుషారుగా ఉంది. అర్జీ చేతికొస్తే మాటను బట్టి మనిషిని పట్టేస్తానంది. అక్కడ ఒక పద్ధతి ఉందమ్మా. టైపు చేసిన నకలును అలాగే ఇవ్వరు. ఒక గుమస్తా అసలు కాగితం పట్టుకుని పైకి చదువుతాడు, ఇంకొకడు నకలులో వేలు పెట్టి సరిచూసుకుంటాడు. చివర ఇద్దరూ సంతకం పెడతారు, చదివినవారు, సరిచూసినవారు అని. చదివేవాడు దళసరి అద్దాల కళ్లజోడు ముసలాయన, రైలు ప్లాట్‌ఫారం మీద ప్రకటన చేసినట్టు చదువుతాడు.

మాకంటే ముందు వేరేవాళ్ల దానపత్రాలు రెండు చదివాడు. ఒకటి తాత మనవడికి ఇచ్చింది, ఒకటి మేనత్త మేనల్లుడికి. రెండింటిలోనూ "నాయందు చూపిన ప్రేమాభిమానములకు మిక్కిలి సంతసించి" అని వచ్చింది. "అన్నిటిలోనూ అదే మాటా అండీ?" అని అడిగాను. "దానపత్రమంటే అదే మాటమ్మా. రాసేవాడి దగ్గర నమూనా ఉంటుంది, పేర్లు మార్చుకుంటాడు" అన్నాడు. అంటే అది నీ మాట కాదు. ఏడాదిగా నేను ఎవరో రాయసగాడి మాటకు కుళ్లుకుంటున్నాను.

తేరుకునేలోపు మా ఫైలు వచ్చింది. ఒక్కొక్కటీ చదువుతూ అర్జీ దగ్గరికి వచ్చాడు.

"రిజిస్ట్రారు గారికి నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం. తమరూ, తమ పిల్లలూ క్షేమమని తలుస్తాను." సరిచూసేవాడు కిసుక్కున నవ్వాడు. కళ్లజోడాయన ఆపకుండా, ఇల్లు రాసిచ్చిన ఆవిడ మేడ గదులు దాచి ప్రభుత్వాన్ని మోసగించింది అన్న ముక్క దాకా చదువుకుంటూ వెళ్లి, ఆఖరి వాక్యం దగ్గర తనే ఆగిపోయాడు. "వానాకాలం కనుక నీళ్లు కాచి చల్లార్చి తాగగలరు."

గది గదంతా నవ్వింది. ఇద్దరం నవ్వలేదు.

అమ్మా, ఇక నేను చెప్పనక్కర్లేదు. అది రాసింది నేనే. రాత ఎవరూ పోల్చుకోకుండా రెండు పూటలు కూర్చుని ఎడమ చేత్తో రాశాను. చేతిని మార్చాను గాని మాటను మార్చలేకపోయాను. చిట్టి హాస్టల్లో ఉన్న మూడేళ్లూ దానికి నేను వారం వారం రాసిన ఉత్తరాల్లో నీళ్ల మాట లేనిది ఒక్కటీ లేదు. పైగా చిట్టిని అంటున్నాననుకున్నాను. "రాసిచ్చిన ఆవిడ మోసగించింది" అని ఆయన గొంతెత్తి చదివినప్పుడు గానీ, ఆ మాట తగిలేది నీకని నాకు తట్టలేదు.

చిట్టి లేచి వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లింది. "ఆ అర్జీ నకలు వద్దండీ. మిగిలినవి ఇవ్వండి చాలు" అంది. రుసుము కట్టారు కదమ్మా అంటే, కట్టినా వద్దంది.

వీధిలోకి వచ్చాక, "మేడ గదులు అమ్మ రాసిచ్చాక నేను వేసుకున్నవి. నీకు తెలుసు కదా అక్కా" అంది. తెలుసన్నాను. "ఇటుకలు దించిన రోజు పనివాళ్లకు నీళ్లు తెచ్చిచ్చింది నువ్వే. అవీ కాచినవే" అంది. అని, నవ్వింది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. నా మోకాలి కోసం ఇంటిదాకా మెల్లగా నడిచింది.

నాకు ఏడుపు వచ్చిందనుకుంటున్నావేమో. అసూయ వచ్చిందమ్మా. క్షమించడం కూడా దానికే చేతనైంది, అదీ ఒక్క నవ్వుతో. దేవుడి ముందు రోజూ గంట కూర్చునే నాకు చేతకాలేదు. ఈ బుద్ధి నాకు ఈ జన్మకు పోతుందన్న నమ్మకం లేదు. పోయేదాకా ఆగితే చిట్టికి ఇల్లు పోతుంది.

అందుకని మర్నాడు ఒక్కదాన్నే వెళ్లాను. పాత అర్జీ రాసింది నేనేననీ, ఈర్ష్యతో రాశాననీ, దానపత్రం రాసిన రోజున మేడ మీద ఉన్నది రేకుల షెడ్డేననీ, ఇటుకలు దించింది ఆ తర్వాత ఫలానా తారీఖుననీ కుడి చేత్తో రాసిచ్చాను. తారీఖు కూడా నాకు గుర్తుంది, ఎందుకో నీకిప్పుడు తెలుసు. కళ్లజోడాయన అలవాటు కొద్దీ అదీ పైకి చదివాడు. నేను నిలబడి విన్నాను.

"ఫిర్యాదుదారువా, సాక్షివా?" అన్నాడు.

"రెండూనండి" అన్నాను.

కాగితం తిప్పి చూసి, "ఈసారి నీళ్ల మాట లేదేమమ్మా" అన్నాడు. సంతకం పెట్టాను.

ఈ సంగతి చిట్టికి చెప్పలేదు. విచారణ రోజున ఎవరో ఒకరు పైకి చదువుతారు, అప్పుడు వింటుంది. నామీద ఏ చర్య తీసుకుంటారో తెలియదు. మీ అల్లుడుగారికి నిన్న చెప్పాను. బాగుచేస్తున్న గడియారం పక్కన పెట్టి, విచారణ ఎప్పుడని అడిగారు.

నీ కళ్లు బాగున్నాయి కనుక ఈసారి నీ చేత్తోనే జవాబు రాయి. నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. రెండు పేజీలైనా ఫర్వాలేదు. కానీ అమ్మా, తిట్టే ఆ ఒక్క ఉత్తరంలో చిట్టి ఊసు తేవద్దు. అది పూర్తిగా నాదై ఉండనీ.

ఇట్లు,
ఈసారి తన పేరు దాచుకోని
నీ పెద్దకూతురు