ఏసయ్య కాగితంలో విరిగిన వరుస

అవ్వకు,

కామారెడ్డి నుంచి నీ బిడ్డ సాయిలత దండాలు. ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. ఎల్లారెడ్డిలో నువ్వూ చిన్నమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో నీకు సరిగా వినబడదు కాబట్టి రాస్తున్నాను.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. టైపింగ్ సెంటర్‌లో యజమాని శేఖర్ అన్న బాగా చూసుకుంటున్నాడా అనీ అడిగావు. దానికి జవాబు పొడుగు.

కిందటి నెల తాడ్వాయి నుంచి ఏసయ్య అనే ముసలి రైతు భూమి దరఖాస్తు టైపు చేయించుకున్నాడు. సర్వే నంబరు 412లో అతనిది 412 /ఆ ఒక్కటే, ఎకరంన్నర. మిగతాదంతా వేరేవాళ్లది. పది రోజులకు ఆ కాగితం పట్టుకుని మళ్లీ వచ్చాడు.

"బిడ్డా, పక్కోళ్ల భూమి గుంజుకుంటున్ననట. నోటీసు ఇచ్చిండ్రు."

చూస్తే 412 వరుస చివర ఆగింది. "/ఆ" కింది వరుసకు జారింది. తహసీల్దారు ఆఫీసులో ఉత్త 412 అని, అంటే నంబరంతా అతనే అడిగినట్టు ఎక్కించుకున్నారు.

శేఖర్ అన్న కాగితం తోసేశాడు. "నువ్వు చెప్పిందే కొట్టినం. వాళ్లు సక్కగ చదవకుంటె మేమేం జేస్తం?"

చెప్పడానికి సిగ్గుగా ఉందవ్వా, ఆ తప్పు నాది. అంకెకూ అక్షరానికీ మధ్య మామూలు ఖాళీ వదిలింది నేనే. చివర్లో అతని తండ్రి పేరు చేర్చితే మాటలు పక్కకు జరిగాయి. మళ్లీ చదవకుండా ప్రింటు తీశాను.

"తప్పు నాదే తాతా" అన్నాను, అందరూ వింటుండగా.

"ఎంటర్ కొట్టి కిందికి దింపు, అయిపోతది" అన్నాడు శేఖర్ అన్న. ఎంటర్ కొడితే రేపు ఒక్క మాట మారినా వరుస సగంలో తెగుతుంది. నేను వినలేదు. పాత ఖాళీ చెరిపి, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కాను. అట్లా పెట్టిన ఖాళీ దగ్గర వరుస విరగదు.

కొత్త కాగితంతో ఏసయ్య వెంట నేనే ఆఫీసుకు పోయాను. పొరపాటు ఏసయ్యది కాదు, టైపు చేసిన నాదేనని రాసి సంతకం పెట్టాను.

"నీ మీదికే వస్తది, తెలుసా?" అన్నాడు గుమాస్తా.

"రానియ్యుండ్రి సార్. ముసలాయన దొంగ కాదు."

నోటీసు రద్దయింది. తిరిగొచ్చేసరికి శేఖర్ అన్న మండిపోతున్నాడు. "సెంటర్ ఇజ్జత్ తీసినవ్. తప్పు మనది కాదని రాసియ్యి. లేకుంటే రేపటి నుంచి రాకు."

"రాసియ్యనన్నా" అని సంచి తీసుకుని వచ్చేశాను.

ఇది జరిగి ఇరవై రోజులు. నువ్వు అన్నను బతిమాలి మళ్లీ అక్కడే పనిలో పెట్టిస్తావని భయపడి దాచాను. ఇప్పుడు హమీదున్నీసా అక్క జిరాక్స్ దుకాణంలో టైపు చేస్తున్నాను. ఎవరి కాగితమైనా వాళ్లకు చదివి వినిపించాకే ప్రింటు తీస్తున్నాను.

శేఖర్ అన్న ఎల్లారెడ్డికి వచ్చి కనబడితే నా తరఫున ఏమీ వేడుకోకు. తప్పు చేసింది నా బిడ్డే, ఒప్పుకున్నదీ నా బిడ్డే అని చెప్పు.

ఇట్లు,
కామారెడ్డి విడిచి రాని నీ బిడ్డ
సాయిలత